బద్యా తండా హారన్

ఆ ఏడు ఎండలు ముదిరేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవీ: సత్తుపల్లి బస్టాండు రోడ్డులో ఒక మడిగె, నాలుగు కెమెరాలు, వాటి బొమ్మను పట్టే కార్డు బిగించిన కంప్యూటరు, సిమ్ వేస్తే మెసేజ్‌లు పంపే చిన్న మోడెం, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరు. ఇవి కాక, ఎవరూ కొనని రెండు మైకు గొట్టాలు, వాటి యాంప్లిఫయరు.

అంతకుముందు నాది మైకుసెట్ల కిరాయి వ్యాపారం. పెళ్లిళ్లు, ఉర్సులు, ఎలక్షన్లు, బోనాలు, ఏదైనా సత్తుపల్లి చుట్టుపక్కల గొంతు వినిపించాలంటే మక్సూద్ సెట్టే కట్టేవారు. డీజే బాక్సులు వచ్చాక ఆ గిరాకీ పోయింది. పోయిన గిరాకీని తలుచుకుంటూ కూర్చునే రకం కాదు నేను. 2009లో ఎన్నికల సందడి మొదలవగానే, మంచి బేరం ఉన్నప్పుడే సెట్లన్నీ అమ్మేసి కెమెరాల్లోకి దిగాను. ఉన్నదంతా వాటిలోనే పెట్టాను. అవి ఆడితే నేను ఆడినట్టు, లేకపోతే మళ్లీ ఎవరి పెళ్లి ఎప్పుడని అడుగుతూ తిరగాలి. గొట్టాలు రెండూ మాత్రం పాతవని ఎవరూ ముట్టుకోలేదు. మడిగె వెనక మూలన పడేశాను.

మొదటి బేరం వెంకటరామారావు గారితో కుదిరింది. ఆయన ఖమ్మంలో ఉంటారు. రైతుల దగ్గర జామాయిల్ తోటలు కొని, కర్ర నరికించి, డిపోల్లో ఎత్తుగా పేర్లు పేర్చి, కాగితం మిల్లుకు లారీల్లో తోలతారు. అలాంటి డిపోలు ఆయనకు నాలుగు. సత్తుపల్లికి అవతల, అడవి అంచున ఉన్నది అన్నిటికంటే పెద్దది. జామాయిల్ కర్రకు చెదల భయం తక్కువ, నిప్పు భయం ఎక్కువ. ఎండిన బెరడు అగ్గిపుల్ల చూపిస్తే చాలు. అంతకుముందు వేసవిలో ఎవరిదో డిపో ఒకటి అంటుకొని పొద్దుగూకే సరికి బూడిదైంది. అప్పటినుంచి రావుగారికి ఎండాకాలమంటే నిద్ర పట్టదు.

"కెమెరా అంటే దొంగ పోయినంక వాడి వీపు చూసుకునేదే గదయ్యా మక్సూదూ?" అన్నారాయన.

"అది పాత కెమెరా రావుగారూ. ఇది చూసి ఊకోదు. ఏదన్నా తేడా కనపడితే మీ ఫోనుకు మెసేజ్ కొడతది."

"తేడా ఏందో దానికెవరు చెప్తరు?"

"నేను చెప్త."

ఆయన నవ్వారు. "సరే, ఈ ఎండాకాలం అయ్యేదాకా నా డిపోలో పెట్టు. పనిజేస్తే మిగిలిన మూడూ నీకే. చెయ్యకపోతే నీ సామాను నువ్వే ఊడదీసుకొని పో."

కంపెనీవాళ్లు దాన్ని తెలివైన కెమెరా అని అమ్మారు. తెలివి దానికి లేదు, మనం ఎంత చెబితే అంత. తెర మీద మౌసుతో ఒక డబ్బా గీయాలి. ఆ డబ్బాలో ఏ వేళల్లో చూడాలి, ఎంత పెద్దది కదిలితే లెక్కలోకి తీసుకోవాలి, ఎంతసేపు కదిలితే నమ్మాలి, నమ్మాక ఎవరికి చెప్పాలి అన్నది మనమే నింపాలి. వీటినే రూల్స్ అంటారు. మొదటిరోజు నేను తెర మొత్తానికి ఒకే డబ్బా గీసి, అన్ని వేళలా చూడమని పెట్టి, రావుగారి నంబరు ఇచ్చి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోను.

"ఏందయ్యా ఇది! గాలి వచ్చిందని ఒక మెసేజ్, మేక వచ్చిందని ఒక మెసేజ్. నా బిడ్డ పెండ్లికి కూడా ఇన్ని మెసేజ్‌లు రాలే. ఫోన్ల జాగా అయిపోయింది."

"కొత్త కదండీ, అలవాటు పడతది."

"ఎవరు, నేనా, అదా?"

బండేసుకొని డిపోకు వెళ్లాను. కొత్త ఊళ్లో అంగడి పెట్టేవాడు ముందు ఆ ఊళ్లో జనం ఎటునుంచి ఎటు నడుస్తారో చూస్తాడు. నేనూ అదే చేశాను. డిపో గదిలో తెర ముందు కూర్చొని, వాచ్‌మన్ హాతీరాంను పక్కన కూర్చోబెట్టుకున్నాను. హాతీరాంది పక్కనే ఉన్న బద్యా తండా. కర్ర పేర్ల మధ్య ఏది కదిలినా ఎందుకు కదిలిందో చెప్పించుకున్నాను.

"గా కదిలేదేంది?"

"మా గొర్రెలు సార్. రోజూ గట్లనే పోతయి."

"ఆ పొగ?"

"ఇప్పపువ్వు ఏరేటోళ్లు. చెట్టు కింద ఆకు కాలవెడితేనే పువ్వు కనపడతది. పొద్దుగాల్నే ఉంటది, ఎండ వస్తే ఉండదు."

చెట్ల కొమ్మలున్న భాగాన్ని డబ్బాలోంచి తీసేశాను. లారీలు వచ్చిపోయే దారిని పనివేళల్లో చూడొద్దన్నాను. గొర్రె కంటే చిన్నవి వదిలేయమన్నాను. డిపో చుట్టూ నిప్పు రాకుండా తవ్విన కందకం ఉంది. దానికి అవతల అడవిలో పొగ ఎంత లేచినా మనకు పనిలేదు, ఇవతల గుప్పెడు లేచినా కావాలి. కాబట్టి డబ్బా గీతను సరిగ్గా కందకం మీదుగా గీశాను. పొగ కూడా కదలికే, కెమెరా పట్టేస్తుంది. సాయంత్రానికి మెసేజ్‌లు ఆగిపోయాయి. పాత రేకు డబ్బాలో చారెడు బెరడు వేసి కందకానికి ఇవతల అంటిస్తే మాత్రం మోడెం దీపం మిణుకుమంది. మెసేజ్ వెళ్లింది.

వెళ్లింది కానీ రావుగారి నుంచి ఫోను రాలేదు. ఎప్పటికో వచ్చింది. ఆయన ఖమ్మంలో ఎవరి పెళ్లి విందులోనో ఉన్నారట, ఫోను డ్రైవరు దగ్గర ఉందట.

అప్పుడు నాకు అసలు లెక్క తెలిసింది. నేను చూడటానికే రూలు పెట్టాను, రావడానికి పెట్టలేదు. ఖమ్మంలో ఉన్న మనిషికి తెలిసినంత మాత్రాన ఇక్కడ నిప్పు ఆరదు. పరిగెత్తుకు రాగలిగేవాళ్లు డిపో కంచె పక్కనే ఉన్న బద్యా తండా జనం. వాళ్లకు మెసేజ్ పంపుదామా అంటే, డిపోలో పొడుగాటి కర్రకు యాంటెనా కడితేగానీ సిగ్నల్ అందదు. తండాలో ఫోన్లున్నా సగం వేళ మోగవు. సరే, ఫోను మోగకపోతే సైరన్ మోగిస్తానన్నాను. ఖమ్మం వెళ్లి ఫ్యాక్టరీలకు పెట్టే రకం పెద్ద సైరన్ తెచ్చాను. డబ్బాలో కదలిక వస్తే కంప్యూటరు దాని స్విచ్ వేసేలా తీగ కలిపాను.

దాన్ని చూడటానికి రావుగారే స్వయంగా కారులో వచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. తండా పెద్దలకు ముందే చెప్పి ఉంచుదామని హాతీరాం అన్నాడు. చెప్పొద్దన్నాను. చెప్పి రప్పిస్తే అది పరీక్ష కాదు. ముగ్గురం గదిలో తెర ముందు నిలబడ్డాం. బయట రేకు డబ్బాలో నేను అంటించి వచ్చిన బెరడు పొగలేసింది. సైరన్ మొదలైంది. కర్ర పేర్లు అదిరిపోయాయి.

తెర మీద తండా వైపు చూస్తున్న కెమెరాలో మనుషులు కదిలారు. నాకు సంతోషం వేసింది. తర్వాత చూస్తే ఒకామె పిల్లవాడిని రెక్క పట్టుకొని లోపలికి లాగుతోంది. ఇంకొకతను మేకలను పాకలోకి తోలి తడిక అడ్డం పెడుతున్నాడు. తలుపులు ఒక్కొక్కటీ మూసుకుంటున్నాయి. సైరన్ మోగుతున్నంతసేపు తండాలో ఒక్క మనిషి బయట లేడు.

"హాతీరాం, ఏందిరా మీవాళ్లు?" అని వెనక్కి తిరిగితే హాతీరాం గదిలో లేడు. బల్ల కింద ఉన్నాడు.

"రావుగారూ, మీరు గూడ కిందికి రండి," అన్నాడు అక్కణ్నుంచే. "రాయి పడతది."

అప్పుడు వెలిగింది. మా ప్రాంతంలో బొగ్గు ఓపెన్‌కాస్టు గని ఉంది. మధ్యాహ్నం దాటాక బండ పేల్చే ముందు అక్కడ సైరన్ వేస్తారు. అది వినగానే దూరం పోవాలని, కప్పు కిందికి చేరాలని, పశువులను కట్టేయాలని అందరికీ నేర్పారు. బద్యా తండా గనికి ఇంకా దగ్గర. పిల్లలు నడక నేర్చే రోజుల్లోనే ఆ పరుగు కూడా నేర్చుకుంటారు. ఇది మా పరీక్షేనని తెలిసిన హాతీరాంకు కూడా కాళ్లు ఆగలేదు. సత్తుపల్లిలో పుట్టిన నేను కూడా సైరన్ వింటే షట్టరు సగం దించేవాణ్నే. జనాన్ని పిలవడానికి, జనాన్ని తరిమే చప్పుడు కొనుక్కొచ్చాను.

రావుగారు కారెక్కుతూ అన్నారు, "మంట వస్తే డిపోలో ఎవరూ లేకుండా చేసే మిషిన్ పెట్టినవయ్యా. కాలినా మనిషికి దెబ్బ తగలదు, గ్యారంటీ."

"రావుగారూ, ఇంకొక్క అవకాశం."

"నెలాఖరు దాకా చూస్త. ఆ తర్వాత నిచ్చెన నేనే ఇస్త, ఎక్కి ఊడదీసుకో."

ఇంటికొచ్చి సైరన్‌ను గడపలో పెట్టాను. నా భార్య రజియా రొట్టెలు కాలుస్తోంది. సైరన్ వైపు, నా మొహం వైపు చూసి, "అమ్ముడుపోలేదా, వాళ్లు తరిమేశారా?" అంది.

"రెండూ కాదు, ఇదే వాళ్లను తరిమింది."

జరిగింది చెబుతుంటే నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే ఉన్నట్టుండి ఆగి, చెవి రిక్కించి, రొట్టెను పెనం మీదే వదిలేసి, గుమ్మం దగ్గరున్న బిందె రెండు చేతులా పట్టుకొని వీధిలోకి ఒకటే పరుగు. వీధి చివర నీళ్ల ట్యాంకరు ట్రాక్టరు హారన్ మోగుతోంది. ఎదురింటావిడ, పక్కింటివాళ్లు, మోకాళ్ల నొప్పులని మంచం దిగని మా మేనత్త కూడా, అందరూ బిందెలతో బయటే ఉన్నారు. రొట్టె మాడి బొగ్గయింది.

నేను ఆ వాసనలో నిలబడి నవ్వుకున్నాను. ఎండాకాలం మా వైపు మనిషిని బయటికి లాగే చప్పుడు ఇదొక్కటే. పైగా పరిగెత్తేవాళ్లు చేతిలో బిందె కూడా తెస్తారు.

మెకానిక్కు దగ్గర ట్యాంకరుకు పెట్టేలాంటి హారన్ తీసుకొని, మర్నాడే బద్యా తండాకు వెళ్లాను. అక్కడ మహిళా సంఘం నడిపేది హేమ్లి. వేపచెట్టు నీడన సంఘం ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. సంగతి చెప్పాను. డిపోలో నిప్పు రాజుకుంటే ఈ హారన్ మోగుతుంది, మీరు బిందెలు పట్టుకొని రావాలి అన్నాను.

"హారన్ మోగె, మేం ఉరికొస్తిమి, నీళ్లు లేకపాయె. రెండోసారి ఎవరొస్తరు భాయ్?" అంది హేమ్లి. "వచ్చినా గా బిందెలు నీ నెత్తిమీదనే పడతయి."

మాట న్యాయమైనది. వ్యాపారంలో ఒకసారి మోసపోయిన మనిషి మళ్లీ వస్తాడేమో గానీ, నీళ్ల దగ్గర మోసపోయిన మనిషి రెండోసారి రాడు.

"డిపోలో బోరుంది. కంచె దగ్గర నల్లా పెట్టిస్త. రోజూ సాయంత్రం ఇదే హారన్ మోగుతది. మోగినప్పుడు నీళ్లు."

"మరి మంట వచ్చినప్పుడు?"

"అప్పుడూ ఇదే."

"ఏది నీళ్లో, ఏది నిప్పో మాకెట్ల ఎరుక?"

"ఏదైతేంది హేమ్లిబాయీ, రెంటికీ బిందె కావాల్సిందే గదా."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. హేమ్లి నవ్వలేదు, బేరమాడే మనిషి నవ్వదు. "నీ మిషిన్ పిచ్చిది. గాలికి గూడ మోగుతదంట. నడిపొద్దున మేం పనులు ఇడిసిపెట్టి ఉరికొచ్చి, అక్కడ ఏం లేకపోతే?"

"అప్పుడు గూడ నల్లా విప్పుడే. మిషిన్ అబద్ధమాడితే ఆ నీళ్లు మేం మీకు కట్టే జుర్మానా."

"గిది బాగుంది. ఇంకొకటి. మా వాడకట్టు దిక్కు చూసే కెమెరా ఒకటుందంట. మా ఆడపిల్లలు తానాలు చేసే దిక్కు అది. దాన్ని తిప్పాలె."

"ఇయ్యాలనే తిప్పుత."

తిప్పాను కూడా. ఆ కెమెరాను కందకం మూలకు మార్చి, హేమ్లిని పిలిచి తెర మీద చూపించాను. చూశాక గానీ ఆమె ఒప్పుకోలేదు.

ఇక రావుగారు. ఫోనులోనే ఎగిరారు. "నేను చేసేది కర్ర వ్యాపారమయ్యా, చలివేంద్రం కాదు."

"రావుగారూ, మీ బోరు కర్ర పేర్ల మీద చల్లడానికి ఎట్లాగూ నడుస్తనే ఉంది. అందులో కొంత తండాకు ఇస్తే తండా మొత్తం మీకు వాచ్‌మన్‌లు. జీతాలడగరు, సెలవులడగరు."

"మరి అబద్ధపు హారన్‌కు గూడ నీళ్లిస్తనని ఒప్పుకున్నవంట?"

"ఒప్పుకున్న. అట్లయితేనే రూల్స్ నేను ఒళ్లు దగ్గర పెట్టుకొని గీస్త, మీరు దగ్గరుండి గీయిస్తరు."

ఆయన ఫోనులోనే బోరు కరెంటు ఖర్చు లెక్కవేశారు. తర్వాత, "నల్లాకు తాళం హాతీరాం దగ్గర ఉండాలె," అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

మడిగె మూల నుంచి పాత గొట్టాలు రెండూ దులిపి తెచ్చి, డిపో షెడ్డు మీద ఒకటి తండా వైపు, ఒకటి పొలాల వైపు బిగించాను. మైకులు కట్టిన చెయ్యి కదా, ఎంత ఎత్తున పెడితే ఎంత దూరం పోతుందో వేరే కొలవక్కర్లేదు. హారన్ ముందు ఒక మైకు పెట్టి యాంప్లిఫయరుకు కలిపాను. సాయంత్రం కాగానే మోగమని ఒక రూలు, కందకం డబ్బాలో కదలిక వస్తే మోగమని ఒక రూలు. మొదటి సాయంత్రం హారన్ మోగగానే తండా అంతా కంచె దగ్గర వరసకట్టింది. నల్లా దగ్గర అప్పుడే గొడవ కూడా మొదలైంది. నాకు ధైర్యం వచ్చింది.

రెండు మూడు రోజులు పోయాక నడిఎండలో హారన్ మోగింది. సుడిగాలి ఒకటి బెరడును ఎత్తి తిప్పిందట. ఆడవాళ్లు పరుగున వచ్చారు, మంట లేదు, ఇచ్చిన మాట ప్రకారం హాతీరాం నల్లా విప్పాడు. హేమ్లి నాకు కబురు పంపింది: "రోజుకొక సుడిగాలి రానీ భాయ్, మాకేం తకలీఫ్ లేదు." అదే రోజు రావుగారి ఫోను కూడా వచ్చింది, ఆ మాటలు ఇక్కడ రాయను. వెళ్లి తెర ముందు కూర్చున్నాను. సుడిగాలి వచ్చి తిరిగి పోతుంది, పొగ లేచిందంటే అక్కడే నిలబడి పెరుగుతుంది. కొద్దిసేపు ఆగకుండా ఒకేచోట కదిలితేనే నమ్మమని మార్చాను. ఆ మార్పు తర్వాత హారన్ మళ్లీ అబద్ధమాడలేదు.

నెలాఖరుకు ఇంకా కొన్ని రోజులుండగా నిజంగా మోగింది.

కందకానికి అవతలి చేలో ఎవరో మొక్కజొన్న చొప్ప కాలబెట్టారు. వడగాలి లేచి, మండుతున్న ఆకును కందకం దాటించి బెరడు కుప్ప మీద పడేసింది. అప్పుడు నేను సత్తుపల్లిలో మడిగెలో ఉన్నాను. హాతీరాం గేటు దగ్గర లారీకి లెక్క రాస్తున్నాడు. కుప్ప అతనికి కనపడే వైపు లేదు. కెమెరాకు కనపడింది.

తర్వాత నేను ఆ రికార్డింగు చాలాసార్లు చూశాను. మొదట పొగ సన్నగా లేస్తుంది. అది నిలబడుతుంది. హారన్ వినపడదు కానీ, హాతీరాం రాస్తున్నవాడు రాస్తున్నట్టే తల ఎత్తడం కనపడుతుంది. లారీ పక్కనుంచి గేటు తోసేసి, నల్లా తాళం తీస్తాడు. తెర అంచులోంచి హేమ్లి వస్తుంది, చంకలో బిందె, వెనకాల ఇద్దరు, వాళ్ల వెనకాల ఇక లెక్కపెట్టలేనంతమంది. మొదట వచ్చినవాళ్లు అలవాటుగా నల్లా దగ్గర వరస కట్టబోతారు. హేమ్లి ఒక్కసారి పొగ వైపు చెయ్యి చూపిస్తుంది. అంతే, నల్లా నుంచి కుప్ప దాకా ఆ వరసే గొలుసై సాగిపోతుంది. నిండిన బిందె ఇటు, ఖాళీ బిందె అటు. మంట రెండు కర్ర పేర్ల కొసలు నల్లగా చేసి, అక్కడితో సరి, ఆగిపోయింది.

ఆ హడావిడంతా అయ్యాక రావుగారు ఫోను చేశారు. ఈసారి ఆయన మెసేజ్ తనే చూశారట, కారు తీయమని కేకలు వేస్తున్నారు.

"మక్సూదూ! మంటంట! ఏమైంది?"

మెసేజ్ నాకూ వచ్చేలా పెట్టుకున్నాను కాబట్టి నేను అప్పటికే డిపో చేరాను. "ఆరింది రావుగారూ."

"ఎవరు ఆర్పిన్రు?"

"తండావాళ్లు. ఇప్పుడు వాళ్ల బిందెలు నింపుకుంటున్నరు."

"నింపుకోనీ, నింపుకోనీ," అన్నారాయన. "నల్లా కట్టెయ్యకుండ్రి."

హాతీరాం పక్కనుంచి, "తాళం గూడ వద్దనమను సార్," అన్నాడు. నేను అదీ చెప్పాను. ఆయన అదీ ఒప్పుకున్నారు.

మిగిలిన మూడు డిపోలూ నాకే వచ్చాయి. ఇప్పుడు ఏ డిపోకు వెళ్లినా కెమెరా పెట్టె విప్పను. ముందు పక్క ఊళ్లోకి పోయి, మీరు ఏ చప్పుడుకు పరిగెత్తుకొస్తారని అడుగుతాను. జూలూరుపాడు దగ్గర పాలవ్యాను హారన్ పనికొచ్చింది, జనం క్యాన్లతో వస్తారు. కూసుమంచి వైపు డిపోలో మొదట తెచ్చిన చప్పుడు పిల్లల్నే రప్పించింది, ఇంకోటి వెతికి పెట్టాను.

ఇక ముగింపు లెక్క. మొదట చేతిలో ఉన్నవాటిలో ఎవరూ కొననివి ఆ రెండు గొట్టాలే, అవే నాకు నాలుగు డిపోలు తెచ్చాయి. అలాంటివి ఇంకా కావాలని పాత మైకుసెట్లవాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి కొనుక్కున్నాను. రావుగారికి కర్ర దక్కింది, ఎండాకాలం నిద్ర దక్కింది. బద్యా తండాకు తాళం లేని నల్లా దక్కింది. హాతీరాంకు జీతం పెరిగింది, బల్ల కింద దూరినందుకు తండాలో పడ్డ పేరు మాత్రం ఇంకా పోలేదు. నష్టం కింద రాయాల్సింది ఒక్కటే సరుకు. ఆ సైరన్ మా మడిగెలో పైఅర మీద ఉంది. కొనేవాడొస్తే అమ్ముతాను, ఏ ఊరికని మాత్రం ముందు అడుగుతాను.